గీఁతలు లేని బంగారము

ఆషాఢమాసము సగము గడచినను వర్షము మాత్రము కేసరికొండ సంస్థానమును గరుణింపలేదు. పశ్చిమదిగంతమునుండి గుంపులుగుంపులుగా బయలుదేఱిన నీలమేఘములు తుంగభద్రా సైకతములమీఁద నొకింతసేపు నిలిచి యేదియో చెప్పఁదలఁచి చెప్పకయే తూర్పునకుఁ దరలిపోవుచుండెను. వానితోఁగూడ వచ్చిన పడమటిగాలి మాత్రము పోక పురమునందే తిష్ఠవేసి కోటబురుజులమీఁది ధ్వజపటములను జించుచు అంగడివీథిలోని పందిళ్లను బెకలించుచు ఇంటింటి తలుపుగడియలను గదలించుచు పగలెల్ల నొక్కచోట నిలువక తిరుగుచుండెను. పండితులు పంచాంగములు విప్పి చూచిరి. రైతులు తలలెత్తి యాకసమును జూచిరి. ఎవ్వరికిని ఏ పనియందును మనసు నిలువకుండెను.

కొలిమిసెగను నిలువనీయని యా గాలికి సర్వజనులకంటెను మిక్కిలిగా జడిసినవారు కంసాలివీథివారు. వారిలోను మీనాపనివాఁడైన కాళాచార్యుఁడు ఉదయముననే కిటికీలకుఁ దడిచాపలు గట్టి కొలిమియొద్దఁ గూర్చుండి గాలిని శపించుచుండెడివాఁడు. మీనాపని యనఁగా బంగారుపలకమీఁద రంగుగాజును గఱఁగించి ఆకులుగను పువ్వులుగను నిలుపు విద్య. మొదట చీరణపుఁబనివాఁడు చీరణమను సన్నని యులితో బంగారమునందు ఆకు రూపమున నొక పల్లపుటఱను దొలిచి దాని యడుగున వెండ్రుకలవంటి సన్నని గీఁతలు గీయును. పిమ్మట మీనాపనివాఁడు గాజును గల్వమున నూఱి నీరు తేటపడువఱకుఁ గడిగి ఆ యఱలో నింపి యారఁబెట్టి నిప్పుల నడుమనున్న మట్టిగూఁటిలో నుంచి కఱఁగించును. చూచువారికిఁ గనఁబడునది రంగు. ఆ రంగును నిలిపియుంచునది మాత్రము అడుగుననున్న గీఁతలు. అవి లేనిచో గాజు నునుపైన బంగారమును బట్టుకొనఁజాలక కొన్నాళ్లు నిలిచినట్లే నిలిచి యొకనాఁ డెండకో కుదుపునకో పెచ్చులుగా ఊడిపోవును.

కాళాచార్యునకును ఆతని యన్నయగు మౌనాచార్యునకును ఈ విద్యను బంచియిచ్చినవాఁడు వారి తండ్రి సోమలింగాచార్యుఁడు. ఆయన రెండు పనులను దానొక్కఁడే చేసినవాఁడయ్యును అవసానకాలమున చీరణమును బెద్దవానిచేతను కొలిమిని జిన్నవానిచేతను బెట్టి పెద్దవాఁడు కొలిమిని ముట్టరాదనియు చిన్నవాఁడు చీరణమును ముట్టరాదనియు దీపముమీఁద నొట్టు వేయించుకొనెను. ఒకరు లేక యొకరికిఁ గూడు దొరకకున్నచో అన్నదమ్ములు విడిపోరని యాయన యూహ. పాపము, ఆయన బంగారము నెఱిఁగినంతగాఁ గొడుకుల నెఱిఁగినవాఁడు కాఁడు. వారు విడిపోలేదు సరే. ఒకరి మొగ మొకరు చూడక యొకగోడకుఁ జెఱియొక వైపున నివసించుట నేర్చుకొనిరి.

కలహకారణము మిక్కిలి చిన్నది. వృద్ధరాజుగారు జీవించియున్న కాలమున ఒక దసరాదర్బారునందు ఆ యన్నదమ్ములు చేసియిచ్చిన తాంబూలపుఁబెట్టెను జూచి సంతసించి మీనాపనివానికి శాలువ గప్పిరి. చీరణపుఁబనివాఁడు ప్రక్కనే కూర్చుండెను. రాజుగారికి రంగులు గనఁబడినవి, గీఁతలు గనఁబడలేదు. అందు వారి తప్పేమియు లేదు. కాని మా యన్నగారును గలరు ప్రభూ యని యొక్కమాట యనుటకుఁ గాళాచార్యునకు నోరు రాలేదు. ఏల రాలేదో యాతనికే తెలియదు. ఆ సాయంకాలము మౌనాచార్యుఁ డింటికిఁ బోయి రెండిండ్ల నడుమనున్న తలుపునకుఁ దనవైపున గడియ వేసికొనెను.

నాఁటినుండి వారి నడుమఁ బని నడపునది వారికిఁ బెద్దదగు అక్క వీరమ్మ. భర్త పోయినది మొదలు పుట్టింటి వసారాగదిలో నుండి యా వృద్ధ యొకచేత నగలభరిణెయు నోటినిండఁ దిట్లును మోయుచు ఈ యింటినుండి యా యింటికి వీథినిఁ జుట్టి తిరుగుచుండెడిది. గోడలో తలుపుండఁగా వీథిలోఁ దిరుగు ఖర్మము నాకేల పట్టినదిరా యని యామె యడుగని దినము లేదు.

రాఁబోవు శ్రావణమున బాలరాజునకుఁ బట్టాభిషేకము చేయ నిర్ణయమయ్యెను. తలపాగను ధరించుటకు బంగారు కలికితురాయి యొకటి చేయవలెననియు, చిలుకపచ్చని యాకులును నడుమ దానిమ్మగింజ యెఱుపును దానియం దుండవలెననియు దివాను భుజంగరావు పంతులుగారు కబురంపిరి. దానితోఁగూడ తాతలనాఁటి కట్టడియొకటి జ్ఞప్తిచేసిరి. అభిషేకదినమున రాజు మేనిమీఁది యాభరణమేదియైనను విఱిగినను రాలినను అది రాజ్యమునకు అపశకునము. ఎవ్వని చేతిదోషమున నట్లు జరిగెనో ఆ పనివాఁడు పెండ్లాముబిడ్డలతో సంస్థానపుఁ బొలిమేర దాఁటిపోవలెను.

కొన్నాళ్లకు వీరమ్మ భరిణెను దెచ్చి తమ్ముని గుమ్మమునఁ బెట్టి "చూచుకొనుము. బాగుగాఁ జూచుకొనుము" అని యెన్నఁడును లేని హెచ్చరిక చేసి తిట్టకయే వెడలిపోయెను. కాళాచార్యుఁడు కలికితురాయిని వెలుఁగునకుఁ ద్రిప్పి చూచెను. ఆకుల యంచులు చక్కగా నున్నవి. అఱల లోఁతు సరిగా నున్నది. అడుగున మాత్రము గీఁత యనునది యొక్కటియు లేదు. ప్రతియఱయు అద్దమువలె నునుపుగా మెఱయుచుండఁగా అందు తన కనుపాప తనకే కనఁబడెను.

ఈ కాళాచార్యుఁడు పనియందు దేవునంతటి యోర్పు గలవాఁడు. మనుష్యులయెడల మాత్రము ముక్కుమీఁదనే కోపముండువాఁడు. ఇది మఱపు కాదని యాతఁ డాక్షణముననే నిశ్చయించుకొనెను. చీరణపుఁబనివాఁడు తన పేరైన మఱచునుగాని యడుగుగీఁతలు మఱవఁడు. కావలెననియే చేసినాఁడు. సభలో గాజు రాలవలెను, గాజు తమ్మునిది గనుక తమ్ముఁడు పొలిమేర దాఁటవలెను, అప్పటికిఁ గాని నాఁటి శాలువపగ తీఱదు. వెంటనే భరిణెను ద్రిప్పి పంపుదమా యని యొకసారి యనుకొనెను. వెంటనే మఱియొక యూహ వచ్చెను. గాజు రాలిననాఁడు అడుగు బయటపడును. ఆ నునుపును జూచిన పిమ్మట దోష మెవ్వరిదో చెప్పుటకు గొప్ప నిపుణుఁడు కావలెనా? తీసినవాఁడే గోతిలోఁ బడనిమ్ము. ఇట్లు తలపోసి యాతఁడు కొలిమి రాఁజఁబెట్టెను.

పిదప నాతఁడు చేసిన పని యాతని జీవితమునందెల్ల నుత్తమమైనది. ఎక్కువ వేఁడిని సహించు పచ్చను మొదటఁ గఱఁగించి, సుకుమారమగు నెఱుపును గడపట నింపి, గాలి యెట్లు వీచినను దడిచాపల చాటున శ్వాస బిగఁబట్టి గూఁటిలోనికిఁ జూచుచుఁ గూర్చుండెను. నిప్పునుండి తీసినప్పుడు బొగ్గువలె నల్లనైయున్న యెఱుపు చల్లారినకొలఁది లోపలినుండి మెల్లగా నుదయించెను. నునుపైన యడుగునుండి వెలుఁగు తిరిగివచ్చుటచే ఆ పచ్చకును ఆ యెఱుపునకును ఎన్నఁడును లేని కాంతి గలిగెను. దివానుగారు దానిని జేతఁ బట్టుకొని మీ తండ్రిగారును ఇట్టిది చేయలేదయ్యా యనిరి. ఆ పొగడ్త విని కాళాచార్యుఁడు నమస్కరించి యింటికి వచ్చి భోజనము చేయలేకపోయెను.

ఆనాఁటినుండి యాతనికిఁ గూర్చున్నచోటఁ గూర్చుండ బుద్ధిపుట్టదయ్యె. గాజు నూఱుచు నూఱుచు నడుమ నిలిపి చెవియొగ్గును. వంటయింట గరిఁటె తగిలిన చప్పుడైనను వీథిలో గాజులమ్మి మలారము దింపిన చప్పుడైనను అదరిపడును. భార్య విస్తరి వేసి పిలిచినచో వచ్చి కూర్చుండి రెండు ముద్దలు తిని లేచి వాకిటికిఁ బోయి మఱల వచ్చి చేయి కడిగికొనును. సభలో దివానుగారి యెదుట నిలిచి తాను జెప్పఁబోవు మాటలను వరుసగాఁ గూర్చుకొనును. మాటలు చక్కగానే కుదిరెడివి. కాని వానితరువాత జరుగఁబోవునది తలఁపునకు వచ్చునప్పు డన్న మొగము గనఁబడక వీఁపు మాత్రము గనఁబడెడిది. మూటయొకటి చంకఁబెట్టుకొని యీ పాడుగాలిలో పొలిమేరఱాయి దాఁటిపోవుచున్న ముసలి వీఁపు. వాఁడు చేసినదానికి వాఁడే యనుభవించునని పైకే యనుకొని కాళాచార్యుఁడు మఱల కల్వమునొద్దకుఁ బోయెడివాఁడు. నూఱిన గాజునే మఱల నూఱెడివాఁడు.

ఆషాఢపుటమావాస్యనాఁడు స్నానమునకై పురజనులెల్ల రేవునఁ జేరిరి. తురాయిని జూచివచ్చిన కోటసేవకుఁ డొకఁడు దాని కాంతిని వర్ణించుచుండఁగా పదుగురు కాళాచార్యుని జుట్టుముట్టి ప్రశంసింపఁజొచ్చిరి. ఆ ప్రశంస భరింపలేక యాతఁడు తడిబట్టతోనే రేవు విడిచి యేటికి ఎగువగా బండలవెంట నడచి జనులు రాని మడుగుదాఁకఁ బోయెను. అచ్చట ఒక బండచాటున మోకాలిలోఁతు నీట నిలిచి సూర్యునకు అర్ఘ్య మిచ్చుచున్నవాఁ డొకఁడు గనఁబడెను. అతఁడు మౌనాచార్యుఁడు.

దోసిట నీరు ముంచి యాతఁడు మంత్ర మారంభించెను. చేతులు వణఁకెను. మంత్రము ముగియకమున్నే నీ రంతయు వ్రేళ్లసందులనుండి తొణఁకి యేటఁ బడిపోయెను. ఆతఁడు ఖాళీదోసిలిని జూచుకొని మఱల ముంచి మఱల మంత్రము మొదటినుండి చదివెను. మఱల నీరు నిలువలేదు. కుడిచేతిని ఎడమచేత నదిమిపట్టి పొట్టకు ఆనించుకొని కొంతసేపు కన్నులు మూసికొని నిలిచి యింకొకసారి ప్రయత్నించెను. బంగారముమీఁద వెండ్రుకను జీల్చిన చేయి యది. కాళాచార్యుఁడు బండను బట్టుకొని నిలువఁబడి చూచెను. పిలుచుటకు నోరు రాలేదు. దర్బారునాఁటివలెనే రాలేదు. ఆ సంగతి యాతనికి స్పష్టముగాఁ దెలిసి మిక్కిలి యేడుపు వచ్చెను.

వచ్చినదారినే తిరిగి పరుగున నింటికిఁ బోయి చేట ముందఱఁ బెట్టుకొని బియ్యమేఱుచున్న వీరమ్మ యెదుట నిలిచి యన్నకేమైనదని యడిగెను. ఆమె చేట దింపలేదు. తలయెత్తకయే చెప్పెను.

"వాని చేయి వశములో లేక యేఁడాది యైనదిరా. ముద్ద నోటిదాఁక రాదు. నేనే తినిపించుచున్నాను. ఎవ్వరికిఁ జెప్పినను నా మీఁద నొట్టే యన్నాఁడు. అఱలు తొలుచునప్పుడు చీరణమును లక్కదిమ్మెకు ఆనించి రెండుచేతుల బలముతో నెట్టుకొనివచ్చినాఁడు. అడుగుగీఁతలయొద్ద ఆ యెత్తు సాగలేదు. గీచినదెల్ల అడ్డదిడ్డముగాఁ బోయినది. అవి నీ కంటఁ బడునని సిగ్గుపడి మెఱుఁగురాతితో రాచి చెఱిపివేసినాఁడు."

అట్లయినచో దానిని నాయొద్దకేల పంపవలెనని కాళాచార్యుఁ డడిగెను. అప్పుడు వీరమ్మ చేటను బ్రక్కకుఁ ద్రోసివేసెను.

"నీవు చూచి మండిపడి వత్తువని పంపినాఁడు. భరిణె నీ గుమ్మమునఁ బెట్టినది మొదలు వాఁడు తన గుమ్మమునఁ గూర్చుండి నీ వాకిలివంకయే చూచుచుండెనురా, ఒక్కతిట్టు తిట్టుటకైన వత్తువని. నీవు రాలేదు. నీ యింటఁ గొలిమిపొగ లేచినది. అది చూచి లోపలికిఁ బోయి గోడవైపు తిరిగి పండుకొన్నాఁడు."

పాఠకులారా, కోపమునకుఁ గారణమున్నంతకాలము మనుష్యునకు నిలువ నొకచోటు గలదు. ఆ చోటు జాఱిపోయిన క్షణమున కాళాచార్యునకు మిగిలినది సిగ్గొక్కటే. అతఁడు తడిబట్ట మార్చుకొనకయే పెట్టెనుండి శాలువను దీసికొని కోటకుఁ బోయెను.

దివానుగారు అభిషేకపు వేదికను గొలిపించుచుండిరి. కాళాచార్యుఁడు నమస్కరించి కలికితురాయియందు గాజు నిలువదనియు దానిని దిరిగియిచ్చిన సరిచేసి తెత్తుననియు విన్నవించెను. పంతులుగారు మొదట పరిహాసమనుకొనిరి. పిదప మొగము గంటుపెట్టుకొని దోషమెక్కడ నున్నదని యడిగిరి.

"నా కొలిమిలో" అని కాళాచార్యుఁడు చెప్పెను.

తొలిచినవాని దోషమేమియు లేదా యని వారు మఱల నడిగిరి. మా యన్న పనిలో దోషమును మా తండ్రియును ఎన్నఁడును బట్టలేదని యాతఁ డుత్తరమిచ్చి శాలువను మడతతోనే వారి పాదములయొద్ద నుంచెను. దివానుగారు చెడ్డవారు కారు గాని కట్టడికిఁ గట్టుబడినవారు. శాలువను దీసికొనిరి. ఆస్థానపు మీనాపని యిఁక నీది కాదనిరి. అభిషేకమునకు ముందు తురాయి నిర్దోషముగా రాకున్నను వచ్చి సభలో రాలినను నీవే పొలిమేర దాఁటవలెనని చెప్పి భరిణెను జేతఁ బెట్టిరి.

కాళాచార్యుఁడు వీథిలోఁ జుట్టి పోలేదు. తన యింటిలోనికిఁ బోయి నడుమతలుపును దట్టెను. ఆవలివైపున అడుగుల చప్పుడైనది. పిమ్మట గడియ కదలెను. కదలినది కదలినట్లే చాలసేపు టకటకలాడెను గాని యూడలేదు. ఆ చప్పుడెందువలననో తెలిసియు కాళాచార్యుఁడు త్వరపెట్టక సాయము రమ్మని యక్కను బిలువక తలుపునకు నుదురానించి నిలిచియుండెను. తుదకు తలుపు తెఱచుకొనెను.

"తిట్టుటకు వచ్చితివా?" అని మౌనాచార్యుఁ డడిగెను.

"తిట్టుటకే రావలసినది, అన్నా. అప్పుడు రాలేదు."

అంతకుమించి వారు క్షమాపణలు చెప్పుకొనలేదు. మొదట గాజును దీసివేయవలెను. కాళాచార్యుఁడు తురాయిని గాఁచి యొక్కసారిగాఁ జల్లని నీట ముంచెను. వేఁడివెంటఁ జల్లఁదనము దాఁకఁగానే జన్మజన్మములకు నంటియున్నట్లు కనఁబడిన పచ్చయు నెఱుపును చిటచిటమని పగిలి బంగారమును విడిచి నీటియడుగునఁ బడిపోయెను. ఒక్క తునుకయైన నిలువలేదు. అభిషేకదినమునందు అది యెట్లుండెడిదో ఉభయులకును బోధపడెను.

తురాయిని లక్కదిమ్మెయందు బిగించి మౌనాచార్యుఁడు చీరణము నెత్తెను. అది యాతని చేతిలో నెగిరెను. దింపి, దీనిని నేను గీయలేను, నీవు ముట్టరాదు, నాయన యొట్టున్నది, ఏమి చేయుదుమని యడిగెను. కాళాచార్యుఁడు వెనుకకుఁ బోయి యన్న వీఁపుచాటునఁ గూర్చుండి చేతులు చాఁచి యాతని మణికట్టును రెండుచేతులఁ బట్టుకొనెను.

"నేను చీరణమును ముట్టను. నీ చేతిని బట్టుకొందును. నీ చేయి ముట్టరాదని నాయన చెప్పలేదు."

మొదటిగీఁత పాడైపోయెను. తమ్ముఁడు మిక్కిలి బిగఁబట్టుటచే అన్న చేయి పగ్గము బిగిసిన కోడెదూడవలె మొరాయించెను. రెండవది యఱను దాఁటి యంచును గోసెను. మౌనాచార్యుఁడు విసుఁగుకొని "ఓరీ, అదిమిపట్టకురా. వణఁకును వణఁకనిమ్ము. పోవునప్పుడు మాత్రము నాతో రమ్ము" అనెను. ఎన్నో యేండ్లకు వచ్చిన యా విసుఁగు కాళాచార్యునకు మిక్కిలి హాయిగా నుండెను. చేతులు వదులు చేసెను. ఆ దినమును మఱునాఁడును వీరమ్మ ఇద్దఱికిని ముద్దలు గలిపి నోటఁ బెట్టుచు నోటికి వచ్చినట్లు తిట్టుచుండఁగా వారు లేవక గీఁతవెంట గీఁత గీచిరి. అవి తిన్నగా లేవు. కాని కఱకుగా నున్నవి. గాజునకుఁ గావలసినది కఱకుదనమే.

పుటము పెట్టిననాఁడు గాలి యేమియుఁ దగ్గలేదు. చాప తెగి కిటికీ బావురుమనఁగా మౌనాచార్యుఁడు కంబళి కప్పుకొని దాని కడ్డముగాఁ బోయి నిలిచెను. కొలిమిని ముట్టలేదు. ఎఱుపు చల్లారి రంగు వచ్చువఱకు గాలికి వీఁపు నిచ్చి నిలిచియుండెను.

అభిషేకదినమున బాలరాజు నెక్కించుకొని యేనుఁగు ఊరంతయుఁ దిరిగినది. ఎండ కాచినది. బాలరాజు తలయూఁచినప్పుడెల్లఁ గాళాచార్యుఁడు తురాయివంకయే చూచుచుండెను. గాజు రాలలేదు. పూర్వపుఁ గాంతి లేదని దివానుగారు కొంచెము పెదవి విఱిచిరి. ఆస్థానపుఁ బని పరదేశమునుండి వచ్చిన వానికిఁ బోయెను. అన్నదమ్ములు అటుపిమ్మట సంసారుల యిండ్లకుఁ గుంకుమభరిణెలు చేసి బ్రదికిరి. ఎవ్వరును శాలువలు గప్పలేదు.

తరువాతి కాలపుఁ జీరణపువాండ్రు ఆ కలికితురాయిని వెలుఁగునకుఁ ద్రిప్పి చూచినప్పుడు చిలుకపచ్చని యాకుల క్రింద నొక వింతకదలికను గనిపెట్టిరి. ప్రతిగీఁతయు బయలుదేఱునప్పుడు జంకి నడుమ తడఁబడి యెట్లో కొనఁ జేరును. వానివలన గాజులోని యాకు నిజముగా నల్లాడుచున్నట్లే కనఁబడును. ఇది పూర్వుల రహస్యమైన రీతియని తలఁచి యెందఱో దానిని సాధింపఁబూనిరి. వారివి నేర్పుగల చేతులు. గీచిన గీఁతలన్నియుఁ దిన్నగా వచ్చినవి. వంకరగా గీచినచో వంకరగానే వచ్చినవి. ఆ కదలిక మాత్రము రాలేదు. అది రావలెనన్నచో ఒక చేయి నిజముగా వణఁకవలెను. వణఁకుచున్నానని దాఁచుకొనక మఱియొక చేతికిఁ జిక్కవలెను.